పాచి, పందుంపుల్ల, బ్రష్షు: తెలుగునాట దంతధావన అలవాటు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉదయం పళ్ళు తోముకోనిదే ఏదీ నోట పెట్టకూడదన్న నియమం తెలుగు కుటుంబాలలో బలంగా పాతుకొని ఉంది. రాత్రి పడుకునే ముందు మళ్ళీ తోముకోవాలన్న దంతవైద్యుల సూచన మాత్రం ఆ స్థాయిలో అలవాటుగా స్థిరపడలేదు. ఒకే పని ఒక వేళ తప్పనిసరి కావడానికి, మరొక వేళ ఐచ్ఛికంగా మిగిలిపోవడానికి గల కారణాలను ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. ఆయుర్వేద, బౌద్ధ, ధర్మశాస్త్ర గ్రంథాలు చెప్పిన దంతధావన విధిని, తెలుగు వాడుకలోని ‘పాచి’, ‘తోము’, ‘ఎంగిలి’ అనే మాటలను, 20వ శతాబ్దిలో పళ్ళపొడి, బ్రష్షు, పేస్టు ప్రవేశించిన తీరును ఆధారంగా తీసుకొని, అలవాటు నిలవడానికి జ్ఞానం కంటె దినచర్యలో దానికి దొరికిన స్థానమే ముఖ్యమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దంతధావనం, దంతకాష్ఠం, దినచర్య, పాచి, ఎంగిలి, పళ్ళపొడి, ఫ్లోరోసిస్.

1. ఉపోద్ఘాతం:

దంతధావన చరిత్రను సాధారణంగా పరికరాల చరిత్రగా చెప్పడం పరిపాటి. మొదట పుల్ల, తరువాత పొడి, ఆపైన బ్రష్షు, పేస్టు అనే వరుసలో ఈ కథనం సాగుతుంది. ఈ వరుసలో పుల్ల వెనుకబాటుకు, బ్రష్షు ఆధునికతకు చిహ్నాలవుతాయి. పరికరం మారిన తీరును ఈ కథనం చెప్పగలదు. అలవాటు ఎలా ఏర్పడిందో, ఎందుకు నిలిచిందో చెప్పలేదు. బ్రష్షు రాకముందే తెలుగువారు ప్రతి ఉదయం పళ్ళు తోముకొనేవారు. బ్రష్షు వచ్చి కొన్ని తరాలు గడిచినా, రాత్రి తోముకొనేవారు తక్కువే. కాబట్టి పరికరం, అలవాటు అనే రెండింటి చరిత్రలను వేరుచేసి చూడవలసిన అవసరం ఉంది.

ఈ ప్రశ్నకు ఆరోగ్యపరమైన ప్రాధాన్యం కూడా ఉంది. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గుతుంది. పగటిపూట ఆమ్లాన్ని పలుచన చేసి పంటికి కొంత రక్షణనిచ్చే ఆ ద్రవం లోపించిన వేళలోనే పంటిమీది సూక్ష్మజీవులు, మిగిలిన పిండిపదార్థం, చక్కెర కలిసి పంటికి ఎక్కువ హాని చేస్తాయి. అందువల్లనే పడుకునే ముందు తోముకోవడానికి దంతవైద్యం అంత ప్రాముఖ్యమిస్తుంది. సంప్రదాయం బలంగా నిలిపిన వేళ ఒకటి, వైద్యం గట్టిగా కోరుతున్న వేళ మరొకటి. ఈ రెంటి మధ్య ఎడం ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలంటే మొదట గ్రంథాలు చెప్పిన విధిని చూడాలి.

2. గ్రంథాలలో దంతధావన విధి:

2.1 ఆయుర్వేద గ్రంథాలు:

చరకసంహిత సూత్రస్థానంలోని 5వ అధ్యాయం దంతధావనాన్ని రోజుకు రెండు వేళల విధించింది. వగరు, కారం, చేదు రుచులు గల పుల్లను ఎంచుకోవాలని, దాని కొనను నమిలి మెత్తబరచాలని, చిగుళ్ళకు గాయం కాకుండా తోముకోవాలని సూచించింది. కానుగ, గన్నేరు, జిల్లేడు, మాలతి, మద్ది, వేగిస మొదలైన వాటిని ఇందుకు పేర్కొంది. బంగారం, వెండి, రాగి, తగరం, ఇత్తడి వంటి లోహాలతో చేసిన నాలుకబద్దల ప్రస్తావన కూడా అక్కడే ఉంది.

సుశ్రుతసంహిత చికిత్సాస్థానం 24వ అధ్యాయం పుల్ల కొలతలను కూడా నిర్దేశించింది. పొడవు 12 అంగుళాలు, అంటే 12 వేళ్ళ వెడల్పు. మందం చిటికెనవేలంత. చేదు చెట్లలో వేప, వగరు చెట్లలో చండ్ర, తీపి చెట్లలో ఇప్ప, కారపు చెట్లలో కానుగ శ్రేష్ఠమని ఆ గ్రంథం చెబుతుంది. నోటి, గొంతు వ్యాధులు, దగ్గు, వాంతులు మొదలైన బాధలున్నవారు పుల్ల వాడరాదని కూడా హెచ్చరిస్తుంది.

వాగ్భటుని అష్టాంగహృదయం సూత్రస్థానం 2వ అధ్యాయానికి ‘దినచర్య’ అనే పేరుంది. అందులో మేలుకొనడం, మలవిసర్జన, దంతధావనం, అంజనం, నస్యం, గండూషం, తాంబూలం, అభ్యంగం, వ్యాయామం, స్నానం ఒకదాని వెంట ఒకటిగా వస్తాయి. పళ్ళు తోముకోవడం ఇక్కడ విడిగా గుర్తుపెట్టుకొని చేయవలసిన పని కాదు. ముందుపని ముగియగానే వచ్చే తరువాతి పని. ఉదయంతో పాటు భోజనానంతరం కూడా తోముకోవాలని వాగ్భటుడు చెప్పడం గమనార్హం. రెండవ వేళ అన్న ఆలోచన ఆధునిక దంతవైద్యంతో కొత్తగా వచ్చింది కాదని దీనివల్ల స్పష్టమవుతుంది.

2.2 బౌద్ధ వినయం, యీజింగ్ సాక్ష్యం:

పాళీ వినయపిటకంలోని చుల్లవగ్గం దంతకాష్ఠం వాడుకకు బుద్ధుడు అనుమతినిచ్చిన సందర్భాన్ని వివరిస్తుంది. పుల్ల నమలకపోతే నోరు దుర్వాసన కొట్టడం, రుచి తెలియకపోవడం, ఆహారం సయించకపోవడం వంటి ఐదు దోషాలు కలుగుతాయని అందులో ఉంది. కొలతల విషయంలో ఆ గ్రంథం చెప్పే కారణాలు ఆసక్తికరమైనవి. కొందరు భిక్షువులు పొడవైన పుల్లలు వాడుతూ వాటితోనే సామణేరులను కొట్టడం వల్ల 8 అంగుళాలకు మించకూడదన్న నియమం వచ్చింది. మరీ పొట్టి పుల్ల ఒక భిక్షువు గొంతులో ఇరుక్కోవడం వల్ల 4 అంగుళాలకు తగ్గకూడదన్న నియమం తోడైంది. నియమాలు ఇలా నిత్యవాడుకలోని ఇబ్బందుల నుంచి పుట్టాయంటే, అప్పటికే ఆ పని సంఘజీవనంలో భాగమైందని భావించవచ్చు.

క్రీ.శ. 671లో చైనా నుంచి బయలుదేరి నాలందాలో చదువుకొన్న యీజింగ్, భారతీయ భిక్షువుల ఆచారాల మీద రాసిన గ్రంథంలో దంతకాష్ఠానికి ఒక ప్రకరణమే కేటాయించాడు. ప్రతి ఉదయం పుల్ల నమిలి, దాన్ని చీల్చి నాలుక గీసుకొని, నోరు కడుక్కొన్న తరువాతనే ఇతరులకు నమస్కరించాలని వివరించాడు. చైనాలో దీన్ని విల్లో కొమ్మగా అనువదించడం పొరపాటని కూడా అభ్యంతరం తెలిపాడు. నోరు శుభ్రం చేసుకోనివాడు నమస్కారానికి అర్హుడు కాడన్న ఈ నియమంలో దంతధావనం సామాజిక మర్యాదకు ముందు షరతుగా కనిపిస్తుంది.

2.3 ధర్మశాస్త్రాలు, మిస్వాక్:

స్మృతి, నిబంధ గ్రంథాలు దంతధావనాన్ని స్నానసంధ్యలకు ముందు చేయవలసిన శౌచంగా పరిగణించాయి. అయితే పాడ్యమి, షష్ఠి, నవమి, అమావాస్య వంటి తిథులలో, ఉపవాస, శ్రాద్ధ దినాలలో పుల్ల వాడకాన్ని నిషేధించాయి. ఆ రోజులలో 12 పుక్కిళ్ళ నీటితో నోరు శుద్ధి చేసుకోవాలన్నాయి. పంటి ఆరోగ్యమే లక్ష్యమైతే తిథిని బట్టి మినహాయింపు ఉండనవసరం లేదు. ధర్మశాస్త్ర దృష్టిలో ఈ పని ప్రయోజనం శుద్ధి. పుల్ల లేని రోజున కూడా పుక్కిలింతను విధించడం వల్ల ఆ వేళ మాత్రం ఖాళీ కాలేదు. సాధనం మారినా స్థానం నిలిచింది.

ఇస్లాం సంప్రదాయంలోని మిస్వాక్‌ను దీనితో పోల్చవచ్చు. ప్రతి నమాజుకు ముందు మిస్వాక్ చేయడాన్ని హదీసులు ప్రోత్సహించాయి. దక్కన్‌లోని ముస్లిం కుటుంబాలకు ఇది సున్నత్‌గా పరిచితమే. ఇక్కడ నోటి శుభ్రత రోజుకు ఐదుసార్లు వచ్చే ప్రార్థనకు ముడిపడింది. రెండు సంప్రదాయాలలోను, తప్పిపోరాని మరొక పనికి ముందు నిలవడం వల్లనే దంతధావనానికి క్రమం ఏర్పడింది.

3. పాచి, తోము, ఎంగిలి – భాష ఇచ్చే సాక్ష్యం:

గ్రంథవిధులు జనజీవనంలో ఎంతవరకు అమలయ్యాయో గ్రంథాలే చెప్పలేవు. వాడుకభాష కొంత చెప్పగలదు. తెలుగులో ‘పాచి’ అనే మాటకు నీటిమీద, రాతిమీద పట్టే నాచు అని ఒక అర్థం. రాత్రి గడిచేసరికి పళ్ళమీద పేరుకొనే జిగట పొర అని మరొక అర్థం. తెల్లవారి ఇల్లూడ్చి, వాకిలి చిమ్మి, అంట్లు తోమే పనిని ‘పాచిపని’ అంటారు. పళ్ళు తోముకోని ముఖం ‘పాచిముఖం’, ఆ నోరు ‘పాచినోరు’. రాత్రి మిగిల్చిన మాలిన్యాన్ని తొలగించనిదే పగలు మొదలుకాదన్న భావన ఇంటికి, వాకిలికి, నోటికి సమానంగా వర్తించిందని ఈ మాటలు తెలుపుతున్నాయి.

‘తోము’ అనే క్రియ కూడా ఇదే విషయాన్ని సమర్థిస్తుంది. గిన్నెలను తోముతారు, పళ్ళను తోముకొంటారు. రెంటికీ వాడిన పదార్థాలు కూడా చాలాకాలం ఒకటే. పిడకల కచ్చిక, బొగ్గు, ఊకబూడిద, ఇటుకపొడి, ఉప్పు వంటివి వంటింట్లోనో వాకిట్లోనో దొరికేవి. కోస్తా ప్రాంతపు ‘పందుంపుల్ల’, తెలంగాణ ‘పండ్లపుల్ల’ అనే పేర్లు చెట్టును గాక పనిని సూచిస్తాయి. వేప, కానుగ, తుమ్మ, మర్రి, ఉత్తరేణి మొదలైన వాటిలో అందుబాటులో ఉన్నదే పందుంపుల్ల అయ్యేది. పొలానికి వెళ్ళేవారు దారిలో పుల్ల విరుచుకొని నములుతూ నడిచి, కాలువ దగ్గరో బావి దగ్గరో నోరు పుక్కిలించేవారు. ఆ పనికి వేరే సమయం, స్థలం, ఖర్చు అక్కరలేదు. ‘ముఖం కడుక్కోవడం’ అనే మాటలోనే పళ్ళు తోముకోవడం ఇమిడిపోవడం కూడా ఉదయపు పనులు ఒకే గొలుసుగా ఉండేవనడానికి నిదర్శనం.

ఈ గొలుసును నిలిపిన శక్తి ఇంటి పెద్దల కట్టడి. పాచినోటితో తినడానికి పిల్లలకు అనుమతి లేదు. అంటే ఆకలే ఆ పనికి ప్రేరణ, తిండే దానికి ప్రతిఫలం. 20వ శతాబ్దిలో కాఫీ, టీ ఇళ్ళలోకి వచ్చినప్పుడు అవి కూడా ఈ నియమానికే లోబడ్డాయి. ముఖం కడుక్కొన్న తరువాతనే కాఫీ గ్లాసు చేతికందేది. పక్కమీదనే కాఫీ తాగడాన్ని పెద్దలు దొరల అలవాటుగా ఆక్షేపించడం వెనుక ఈ వరుస తప్పుతుందన్న అసహనం ఉంది.

4. పుల్ల నుంచి బ్రష్షుకు:

పుల్ల నుంచి బ్రష్షుకు మారడంలో పెద్ద అవరోధం ‘ఎంగిలి’ భావన. పుల్లను ఒకసారి వాడి, చీల్చి నాలుక గీసుకొని పారవేస్తారు. బ్రష్షును మాత్రం నోట పెట్టి, కడిగి, దాచి, మరునాడు మళ్ళీ నోట పెట్టాలి. ఎంగిలిని ఇంత పట్టింపుగా చూసే సమాజానికి ఇది వింతగా తోచడం సహజం. పైగా తొలినాటి బ్రష్షుల కుచ్చు జంతువుల వెంట్రుకలతో, ముఖ్యంగా పందివెంట్రుకలతో చేసినది. ఇంగ్లండులో 1780 ప్రాంతంలో విలియం ఆడిస్ ఎముక పిడితో బ్రష్షుల తయారీని ఆరంభించాడని ప్రతీతి. ఎముక, పందివెంట్రుక రెండూ శాకాహారులకు అభ్యంతరకరమైనవే. పందివెంట్రుక ముస్లింలకూ అంతే. అమెరికాలో డ్యూపాంట్ సంస్థ నైలాన్ కుచ్చుతో కూడిన బ్రష్షును 1938లో విపణిలోకి తెచ్చిన తరువాతనే ఈ అభ్యంతరానికి మూలం తొలగింది.

పుల్లకు, బ్రష్షుకు మధ్య వారధి పళ్ళపొడి. దానికి వేరే పరికరం అక్కరలేదు, చూపుడువేలు చాలు. వేలిని కడుక్కొంటే ఎంగిలి తీరిపోతుంది. నల్లని బొగ్గుపొడి తెలిసిన వస్తువే కనుక, సీసాలో, పొట్లంలో అమ్మకానికి వచ్చిన నల్ల పళ్ళపొడి కొత్తదిగా తోచలేదు. కొన్నది పొడి అయినా చేసే పని పాతదే. తరువాత పేస్టు వచ్చింది. కోల్గేట్ సంస్థ అమెరికాలో 1873లో డబ్బాలలోను, 1896లో మడిచే గొట్టాలలోను పేస్టును అమ్మింది. దాని భారతీయ శాఖ 1937లో ఏర్పడింది. 1916లో స్థాపితమైన కలకత్తా కెమికల్ కంపెనీ వేప పేరిటనే పేస్టు తయారుచేసింది. 1952లో మొదలైన విక్కో సంస్థ వజ్రదంతి పేరుతో మూలికల పొడిని, పేస్టును అమ్మింది. బ్రష్షు పుల్లను తొలగించినా, పుల్ల నిచ్చిన చెట్టు పేస్టు గొట్టం మీద పేరుగా తిరిగివచ్చింది. పాత అలవాటు మీద ఉన్న నమ్మకాన్ని కొత్త వస్తువు ఈ విధంగా వాడుకొంది.

ఈ మార్పులో హానికరమైన పాయ కూడా ఒకటుంది. పొగాకు కలిపిన పళ్ళపొడులు, పేస్టులు దేశంలో వ్యాపించి, పళ్ళు తోముకొనే అలవాటును వ్యసనంగా మార్చాయి. దంతధావన ద్రవ్యాలలో పొగాకు వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లో నిషేధించగా, సుప్రీంకోర్టు 1997లో ఆ నిషేధాన్ని సమర్థించింది. నిత్యం తప్పని వేళ ఏ పదార్థం చేరితే అదీ నిత్యమవుతుందని ఈ ఉదంతం చూపుతుంది.

5. అమెరికా ఉదాహరణ – అలవాటు నిర్మాణం:

తెలుగునాట సంప్రదాయం చేసిన పనిని అమెరికాలో 20వ శతాబ్ది తొలి దశకాలలో బడి, ప్రకటన కలిసి చేశాయి. డబ్ల్యు. డి. మిల్లర్ 1890లో ప్రచురించిన గ్రంథం నోటిలోని సూక్ష్మజీవులు ఉత్పత్తి చేసే ఆమ్లమే పుప్పిపళ్ళకు కారణమని వివరించింది. ఆ జ్ఞానం దానంతటదే అలవాటును కలిగించలేదు. కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్టులో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ 1913లో దంతశుభ్రతా సహాయకులకు శిక్షణ ఆరంభించి, వారిని పాఠశాలలకు పంపి పిల్లలకు తోముకొనే పద్ధతిని అభ్యాసం చేయించాడు. మరోవైపు పెప్సొడెంట్ పేస్టు ప్రకటనలు రాసిన క్లాడ్ హాప్కిన్స్, దంతవైద్య గ్రంథాలలో పంటిమీది పొర గురించి చదివి దానికి జనానికి అర్థమయ్యే చిన్న పేరు పెట్టాడు. నాలుకతో తడిమితే ఆ పొర తెలుస్తుందని ప్రచారం చేశాడు. 1927లో వెలువడిన ఆత్మకథలో ఈ సంగతి తానే వివరించాడు.

హాప్కిన్స్ కొత్తగా ప్రచారం చేయవలసివచ్చిన ఆ భావనకు తెలుగులో ‘పాచి’ అనే మాట ముందే ఉంది. నాలుకకు తెలిసే పొర, తెలిసినంతనే కలిగే అసహ్యం, తోమగానే కలిగే హాయి అనే మూడూ ఆ మాటలో ఉన్నాయి. అందువల్ల తెలుగునాట పేస్టు వ్యాపారానికి అలవాటును సృష్టించే శ్రమ అవసరం కాలేదు. ఉన్న అలవాటులో వస్తువును మార్చితే సరిపోయింది.

6. రాత్రి వేళ ఎందుకు నిలవలేదు?

చరకుడు రెండు వేళలన్నాడు, వాగ్భటుడు భోజనానంతరమన్నాడు. అయినా రెండవ వేళ ఆచారంలో నిలవలేదు. పై పరిశీలన నుంచి దీనికి మూడు కారణాలను ఊహించవచ్చు.

మొదటిది, ‘పాచి’ భావన రాత్రి మిగిల్చిన మాలిన్యానికి సంబంధించినది. పగలు తిన్న తిండి పంటిమీద మిగల్చే దానికి అంత బలమైన మాట తెలుగులో లేదు. రెండవది, భోజనానంతర స్థానం అప్పటికే ఇతర పనులతో నిండి ఉంది. చేయి కడుక్కోవడం, నోరు పుక్కిలించడంతో ఎంగిలి తీరుతుంది. ఆపైన తాంబూలం నోటికి సువాసననిస్తుంది. శుద్ధి, సువాసన రెండూ సిద్ధించినప్పుడు పుల్లతో పని లేదు. మూడవది, ఉదయం తోముకోకపోతే తిండి దొరకదు. రాత్రి తోముకోకపోతే నిద్రకు అడ్డేమీ లేదు. ముందు షరతుగా నిలిచే పనికి కట్టడి ఉంటుంది. దినాంతంలో, దాని తరువాత ఏ పనీ లేనిచోట, కట్టడి ఉండదు.

అలవాట్ల మీద ఇటీవలి పరిశోధనలు ఈ ఊహకు బలమిస్తున్నాయి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిపై జరిపిన అధ్యయనంలో, ఒక కొత్త పని అప్రయత్నంగా జరిగే స్థితికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. వ్యక్తిని, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు మారింది. ఒకసారి తప్పినంతమాత్రాన అలవాటు చెడలేదు. 2013లో గేబీ జూడా తదితరులు ప్రచురించిన మరొక అధ్యయనంలో, దారంతో పళ్ళసందులు శుభ్రం చేసుకోవడాన్ని బ్రష్షుకు ముందు చేసినవారికంటె తరువాత చేసినవారిలో ఆ అలవాటు బలంగా ఏర్పడే ధోరణి కనిపించింది. స్థిరపడిన పని ముగింపే కొత్త పనికి సంకేతమన్నమాట. వాగ్భటుని దినచర్యలోని వరుస కూడా ఈ సూత్రం మీదనే నడిచింది.

7. గారపళ్ళు, ఫ్లోరోసిస్ – అలవాటు పరిమితి:

అలవాటు ప్రాధాన్యాన్ని చెప్పేటప్పుడు దాని పరిమితిని కూడా గుర్తించాలి. పళ్ళమీద మరకలను ‘గార’ అని, ఆ మనిషికి శుభ్రత లేదని భావించడం లోకరీతి. తెలుగు ప్రాంతాలలో ఈ తీర్పు అనేకులకు అన్యాయం చేసింది. 1937లో హెచ్. ఇ. షార్ట్, సహపరిశోధకులు మద్రాసు రాజధానిలో, నాటి నెల్లూరు జిల్లా గ్రామాలలో, తాగునీటిలోని అధిక ఫ్లోరైడు వల్ల పళ్ళు, ఎముకలు దెబ్బతింటున్నాయని నిరూపించారు. నల్గొండ జిల్లా ఈ వ్యాధికి తరువాత దేశమంతటా పేరుపడింది. నీటి నుంచి ఫ్లోరైడు తొలగించడానికి జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి ‘నల్గొండ పద్ధతి’ అనే పేరు స్థిరపడింది.

ఫ్లోరోసిస్ మరక పన్ను చిగురు లోపల రూపొందే దశలోనే ఏర్పడుతుంది. ఎంత తోమినా పోదు. తక్కువ మోతాదులో పేస్టులో కలిపినప్పుడు పంటిని కాపాడే ఫ్లోరైడే, నీటిలో అధికమైనప్పుడు పంటిని పాడుచేసింది. ఆ గ్రామాలలో పిల్లల పళ్ళ రంగు వారి అలవాటును గాక వారి బావినీటిని తెలిపింది. ప్రజారోగ్య సమస్యను వ్యక్తి శుభ్రతాలోపంగా చూడరాదన్న హెచ్చరిక ఈ చరిత్రలో ఉంది.

8. ముగింపు:

తెలుగునాట దంతధావన చరిత్రలో పుల్ల, వేలు, బ్రష్షు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. వాటన్నిటినీ మోసిన ఉదయపు వరుస మాత్రం మారలేదు. ఆ వరుసను శాస్త్రజ్ఞానం ఒక్కటే నిలపలేదు. పాచి మీది అసహ్యం, శుద్ధి భావన, తిండికి ముందు పెద్దలు పెట్టిన షరతు కలిసి నిలిపాయి. రాత్రి వేళకు ఇటువంటి ఆసరాలేవీ సమకూరలేదు.

కాబట్టి రాత్రి తోముకొనే అలవాటును పాఠశాలలు, కుటుంబాలు నెలకొల్పాలంటే పుప్పిపళ్ళ గురించి భయపెట్టడం చాలదు. ఇంట్లో ఇప్పటికే తప్పకుండా జరుగుతున్న ఏదో ఒక పనికి దాన్ని జతచేయాలి. పక్క వేయడం, పిల్లలకు కథ చెప్పడం, తలుపు గడియ వేయడం వంటి ప్రతి రాత్రీ జరిగే పని ఏదైనా అందుకు పనికివస్తుంది. తోముకోనిదే కాఫీ లేదన్న ఉదయపు కట్టడి వంటిదే, తోముకోనిదే కథ లేదన్న కట్టడి రాత్రికి కావాలి. చరకుడు చెప్పిన రెండవ వేళకు అప్పుడే ఇంటి దినచర్యలో చోటు దొరుకుతుంది.